పాలిస్టర్ సీలింగ్ బట్టకి ఫైర్ మందు కొడితే పనిచేస్తుందా?

కొత్తపేట_సప్లయర్స్:

అందరికీ నమస్కారమండి. మాది కొత్తపేట దగ్గర టెంట్ హౌస్, నాన్నగారి కాలం నుంచీ నడుస్తోంది. అప్పట్లో తాటాకు పందిళ్ళు, తెల్ల కాటన్ షామియానాలు ఉండేవి, ఇప్పుడు గోడౌన్‌లో ఉన్నదంతా పాలిస్టరే. సీలింగ్ బట్ట, సైడ్ పరదాలు, స్టేజీ వెనక కట్టే సాటిన్, ఫ్రిల్స్, అన్నీ అదే. మన కోనసీమ తేమకి కాటన్ రెండు వానలు తడిస్తే బూజు పట్టి నల్ల మచ్చలొచ్చేస్తాయి, పాలిస్టరైతే గంటలో ఆరిపోతుంది, మోయడానికి తేలిక, రంగు మెరుస్తుంది, పెళ్ళివారూ అదే అడుగుతున్నారు.

ఇప్పుడు ఒక తీర్థం కమిటీ వాళ్ళు పెద్ద పందిరి మాకే ఇస్తామన్నారు. కాకపోతే ఫైర్ ఎన్‌ఓసీకి, బట్టకి మంట అంటుకోకుండా మందు పట్టించినట్టు కాగితం కావాలట. ఈ మాట ఎలా తెలిసిందో గానీ వెంటనే ఒకాయన ఇరవై లీటర్ల క్యాన్ పట్టుకుని దిగిపోయాడు. "స్ప్రేయర్‌లో పోసి కొట్టండి, ఆరబెట్టండి, సర్టిఫికెట్ నేనిస్తా" అంటాడు. మా ముందే ఒక జేబురుమాలు ఆ నీళ్ళలో ముంచి ఆరబెట్టి లైటర్ పెట్టాడు. నిజంగానే అంటుకోలేదు, అంచు నల్లబడి ఊరుకుంది. మా బావేమో డీఏపీ ఎరువు నీళ్ళలో కలిపి కొట్టినా అదే పని చేస్తుంది, ఆ క్యాన్‌కి డబ్బులెందుకు దండగ అంటున్నాడు.

ఇది మా పాలిస్టర్ మీద పనిచేస్తుందా? పనిచేస్తే ఎన్నాళ్ళుంటుంది, వాన పడితే పోతుందా? లేదంటే ఇంట్లోనే చేసుకునే పద్ధతి వేరే ఏదైనా ఉందా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, బయానా తీసుకునే ముందు తేల్చుకోవాలి.

సూరత్_పాలకొల్లు:

నేను పాలకొల్లు వాణ్ణే, సూరత్‌లో ప్రాసెసింగ్ మిల్లులో ఫినిషింగ్ చూస్తాను. సూటిగా చెప్పేస్తాను, ఆ క్యాన్ కొనకండి. ఆయన చూపించిన జేబురుమాలు కాటన్‌ది అయి ఉంటుంది. ఈసారి వస్తే మీ సీలింగ్ బట్టలోంచే జానెడు ముక్క కోసిచ్చి, దీనికి పట్టించి చూపించండి అనండి.

కాటన్ నీళ్ళు తాగుతుంది. మామూలు గాలిలో ఊరికే ఉన్న కాటన్ కూడా తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టుకుని ఉంటుంది. పాలిస్టర్ 0.4 శాతం, అంతే. మీరు గంటలో ఆరిపోతుంది అని మెచ్చుకున్నది ఈ గుణాన్నే, మందు ఎక్కనివ్వనిదీ ఈ గుణమే. నీళ్ళలో కరిగిన ఏ ఉప్పైనా దాని పోగు లోపలికి వెళ్ళదు, పైన పొడిలా అంటుకుని ఉంటుంది, మడతపెట్టి లారీలో వేస్తే సగం రాలిపోతుంది, మిగతాది మొదటి వానకి పోతుంది.

రెండో సంగతి, అసలు కాలే తీరే వేరు. కాటన్ కరగదు, కాలి బొగ్గయిపోతుంది. ఫాస్ఫేటు, బోరాక్స్ (మన వెలిగారమే) లాంటివి పట్టించిన కాటన్‌కి వేడి తగిలితే అవి దాన్ని మండే ఆవిర్లు పుట్టనివ్వకుండా నేరుగా బొగ్గు వైపు తోసేస్తాయి, అందుకే మీ జేబురుమాలు నల్లబడి ఆగిపోయింది. ఇది రెండొందల ఏళ్ళ పాత విద్య. 1821లో ఫ్రాన్సులో గే-లుసాక్ అనే శాస్త్రవేత్త నాటకశాలల తెరల కోసం అమ్మోనియం ఫాస్ఫేటు, నవాసాగరం, వెలిగారం కలిపి పట్టించాడు, మీ క్యాన్ ఆయన అదే విద్య అమ్ముకుంటున్నాడు. పాలిస్టర్ అలా కాదు. 250, 260 డిగ్రీల మధ్య కరుగుతుంది, ఇంకా వేడెక్కితే విరిగి ఆవిర్లొస్తాయి, మండేవి ఆ ఆవిర్లే. చిన్న మంట పెడితే ముందు ముడుచుకుని వెనక్కి పోతుంది, చూసేవాడు అబ్బో అంటుకోవట్లేదు అనుకుంటాడు. మంట కాస్త పెద్దదైతే కరిగి చుక్కలు చుక్కలుగా కారుతుంది. సీలింగ్ కదా, కింద ఉన్నది జనం. ఆ చుక్క మండుతూ పడి ఒంటికి అంటుకుంటే ఊడిరాదు, చర్మంతోనే వస్తుంది.

మరి పాలిస్టర్‌కి పద్ధతి లేదా అంటే ఉంది, కానీ అది ఇంటి పని కాదు, మిల్లు పని. ఫాస్ఫరస్ ఉన్న ఒక రకం మందు, సైక్లిక్ ఫాస్ఫోనేట్ అంటారు, దాని ద్రావణంలో బట్టని ముంచి రోలర్ల మధ్య పిండి, ఆరబెట్టి, స్టెంటర్ అని బట్టని చాపి వేడి గాలిలో నడిపే మెషీన్‌లో 190, 200 డిగ్రీల దగ్గర ఒక నిమిషం అటూ ఇటూ నడిపిస్తారు. ఆ వేడికి పోగు సడలి మందు లోపలికి వెళ్ళిపోతుంది, చల్లబడ్డాక అక్కడే ఉండిపోతుంది, పైన మిగిలింది కడిగేస్తారు. అలా చేసిన బట్టని చాలాసార్లు ఉతికినా గుణం పోదు. మామూలుగా రంగు ఎక్కించేటప్పుడు కూడా ఇదే తంతు, ప్రెషర్‌లో 130 డిగ్రీల దాకా తీసుకెళ్తే గానీ పాలిస్టర్ రంగు పట్టదు. రంగే పట్టని బట్ట పురుగుమందుల స్ప్రేయర్‌తో కొడితే ఫైర్ మందు పట్టేస్తుందా చెప్పండి.

దీనికన్నా మంచిది ఇంకోటి ఉంది. నూలు తీసే ముందే పాలిమర్‌లోనే ఫాస్ఫరస్ కలిపేసిన పాలిస్టర్. ట్రెవిరా సీఎస్ అని జర్మన్ సరుకు పాతకాలం నుంచీ ఉంది, మన దేశంలో రిలయన్స్ వాళ్ళది రెక్రాన్ ఎఫ్‌ఎస్. దీనికి పైన పట్టించినదేమీ ఉండదు కాబట్టి ఉతికితే పోవడానికి కూడా ఏమీ ఉండదు. హోటళ్ళకి, సినిమా హాళ్ళకి పరదాలు ఈ రకం బట్టతో కుట్టిస్తారు. ధర ఎక్కువే, అబద్ధం చెప్పను.

అంబాజీపేట_ఎరువులు:

డీఏపీ మాట వచ్చింది కాబట్టి మా షాపు తరఫున నేనూ ఓ మాట 😀 బావగారు చెప్పింది పూర్తిగా గాలి మాట కాదండి, డైఅమ్మోనియం ఫాస్ఫేటు కాటన్‌కి నిజంగానే వాడే మందే. కానీ మా బస్తాలో ఉన్నది చేను కోసం చేసిన గుళిక, నీళ్ళలో వేస్తే మడ్డి మిగులుతుంది, రంగు దిగుతుంది, తెల్ల బట్ట మీద కొడితే మరకలు పడతాయి. పైగా ఈ ఉప్పులన్నీ మన గాలిలో చెమ్మ లాగుతాయి. ఏడాదిలో సగం రోజులు అప్పడాలే మెత్తబడిపోయే ఊళ్ళో ఉప్పు పట్టించిన బట్ట గోడౌన్‌లో పెడితే జిగటగా తయారవుతుంది, ఇనప రింగులు, పిన్నులు తుప్పు పట్టి ఆ తుప్పు బట్టకి దిగుతుంది. పాలిస్టర్ మీద అయితే పైన అన్నయ్య చెప్పినట్టే, దండగ. డీఏపీ వరికి వేసుకోండి.

కొత్తపేట_సప్లయర్స్:

సూరత్ అన్నయ్యా, చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇంకో డౌట్. మా దగ్గర కొంత సరుకు టెరికాటన్, కాటన్ కలిసింది. కాటన్ ఉంది కాబట్టి అది కొంచెం నయమా? ఇంకా, సాటిన్ వెనక కాటన్ లైనింగ్ వేసి కుట్టించినవి కొన్ని ఉన్నాయి, గాలికి ఎగరకుండా బరువుగా వేలాడతాయని.

సూరత్_పాలకొల్లు:

నయం కాదు తమ్ముడూ, మీ గోడౌన్‌లో అన్నిటికన్నా చెడ్డది అదే. ఉత్త పాలిస్టరైతే కరిగి మంట నుంచి దూరంగా జారిపోయే అవకాశమన్నా ఉంటుంది, కాటన్ కలిస్తే ఆ కాటన్ బొగ్గయి వలలా నిలబడుతుంది, కరిగిన పాలిస్టర్ కిందికి కారకుండా దాని మీదే ఉండి మండుతుంది, దీపంలో వత్తి నూనె పీల్చినట్టు. అందుకే రెండూ విడివిడిగా కాలేదానికన్నా కలిసినప్పుడు ఎక్కువ కాలుతుంది. లైనింగ్ వేసి కుట్టినా దాదాపు ఇదే కథ. కొందరు ఫైర్ బట్ట మంచిదే కొంటారు, కొని దానికి మామూలు కాటన్ లైనింగ్ కుట్టిస్తారు. టెస్ట్ రిపోర్టు ఆ బట్టకి ఒక్కదానికే ఇచ్చారు, మీరు కట్టింది వేరే సరుకు అయిపోయింది.

ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోండి, మెత్తగా జారాలని మిల్లులో సిలికాన్ సాఫ్ట్‌నర్ వేస్తారు. అది ఫైర్ పాలిస్టర్‌కి బద్ధశత్రువు. కరిగింది జారిపోనివ్వదు, దాంతో మంట నిలబడుతుంది. మీద దట్టంగా ప్రింటు కొట్టించినా, మెరుపు పూత వేయించినా అంతే. కాబట్టి రంగు, ప్రింటు, ఫినిష్ అన్నీ అయిపోయిన ఆఖరి బట్టకి రిపోర్టు అడగండి. ఐఎస్ 15741 అని పరదాలకి, కర్టెన్లకి మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఉంది, దాని ప్రకారం టెస్ట్ చేసిన రిపోర్టు, ల్యాబు పేరు, లాట్ నంబరు, ఎన్ని ఉతుకుల తర్వాత పరీక్షించారో కూడా ఉండాలి. కొందరు ఎన్‌ఎఫ్‌పీఏ 701 అని అమెరికా అగ్ని భద్రతా సంస్థ పరీక్ష రిపోర్టు చూపిస్తారు, అదీ మంచిదే, అందులో కారిన చుక్క కింద పడ్డాక ఎంతసేపు మండిందో కూడా చూస్తారు, సగటున రెండు సెకన్లు దాటితే ఫెయిల్. సీలింగ్‌కి మీకు కావలసింది ఆ పరీక్షే కదా.

మిల్లు ఫినిష్ బట్ట కొంటే ఇంకో ప్రశ్న వేయండి, మందు ఏ జాతిది అని. ఒకప్పుడు బ్రోమిన్ మందులు తెగ వాడారు, యాంటిమనీ ఆక్సైడుతో కలిపి బట్ట వెనక పూత వేసేవారు. పనిచేసేవి, కాదనను, మంటలో జరిగే రసాయన చర్యని మధ్యలోనే ఆపేస్తాయి. కానీ అవి ఒంట్లోనూ, నీళ్ళలోనూ పేరుకుపోతాయి, చేపల్లోకి చేరతాయి, అందులో హెచ్‌బీసీడీ అనే దాన్ని 2013లో స్టాక్‌హోమ్ ఒప్పందం (ఏళ్ళ తరబడి పోని విషాల మీద దేశాల మధ్య ఒప్పందం) జాబితాలోకి ఎక్కించారు, మన దేశంలో 2018లో నిషేధించారు. అంతకుముందు 1970లలో అమెరికాలో పిల్లల నైట్ డ్రెస్సులకి ట్రిస్ అనే బ్రోమిన్ మందే పట్టించి, అది క్యాన్సర్ కారకం అని తేలి 1977లో ఆపేశారు. మంట నుంచి కాపాడబోయి ఇంకోటి అంటగట్టిన కథలు ఈ లైన్లో చాలానే ఉన్నాయి. "బ్రోమిన్ లేదు, ఫాస్ఫరస్ రకం" అని రాసిస్తేనే తీసుకోండి. చెరువుల మధ్య బతికే వాళ్ళం, ఆ పూతలు ఉతికిన నీళ్ళు ఎక్కడికి పోతాయో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

గట్టుమీద_గాలి:

ఇంత కెమిస్ట్రీ ఎందుకు బ్రదర్? కాగితం అడిగారు, ఆ క్యాన్ ఆయన కాగితం ఇస్తానంటున్నాడు, ఇచ్చేయండి. బట్టకి అగ్గిపుల్ల గీసి చూసే ఆఫీసరు ఎవరూ లేడు. జిల్లాలో పందిళ్ళన్నీ ఇలాగే నడుస్తున్నాయి, ఏమైంది?

ఫైర్‌సర్వీస్_రిటైర్డ్:

ఏమైందో నేను చెప్తాను. 1995 డిసెంబరు 23, హర్యానాలో డబ్వాలీ అనే ఊరు. ఒక కల్యాణ మండపంలో స్కూలు వార్షికోత్సవం, పైన సింథటిక్ బట్ట పందిరి. నిమిషాల్లో కాలిపోయింది, నాలుగు వందల మందికి పైగా పోయారు, వాళ్ళలో చాలామంది పిల్లలే. 2022లో దసరాకి ఉత్తరప్రదేశ్ భదోహీ దగ్గర దుర్గ మండపం అంటుకుంది, హాలోజన్ లైటు వేడికి. మన దగ్గరకే వస్తే 2023 శ్రీరామనవమి రోజు తణుకు దగ్గర దువ్వలో గుడి ముందు తాటాకు పందిరి తగలబడింది, జనం ప్రాణాలతో బయటపడటం అదృష్టం. కాగితం ఇచ్చినవాడు ఆ రోజు ఫోన్ ఎత్తడు, కేసు పందిరి కట్టినవాడి మీదే.

ఇప్పుడు సప్లయర్స్ బాబుకి. నువ్వు అడగని సంగతి ఒకటి చెప్పాలి. తాత్కాలిక పందిళ్ళకి ఐఎస్ 8758 అనే ప్రమాణం ఉంది, ఫైర్ సర్వీసులు పందిళ్ళకి ఇచ్చే సూచనలు దాని మీదే నడుస్తాయి. వాటిలో సింథటిక్ బట్ట, సింథటిక్ తాడు వాడొద్దనే ఉంటుంది. మందు పట్టించమని చెప్పేది కాటన్ లాంటి బట్టకి. దానికి కొలత కూడా ఉంది, బరువు లెక్కన అమ్మోనియం సల్ఫేటు 4 పాళ్ళు, అమ్మోనియం కార్బొనేటు 2, వెలిగారం 1, బోరిక్ యాసిడ్ 1, పటిక 2, నీళ్ళు 35. అంటే 35 లీటర్ల నీళ్ళకి మిగతావి కిలోల్లో వేసుకోవడమే. బట్ట పూర్తిగా నానాలి, పిండి నీడలో ఆరేయాలి. అమ్మోనియా వాసన ఘాటుగా కొడుతుంది, ఆరుబయట చేయండి, చేతికి గ్లవ్స్ వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. వాన తడిసినా, ఉతికినా మళ్ళీ మొదటి నుంచి పట్టించాల్సిందే, ఇందులో మినహాయింపు లేదు.

బట్టతోపాటు మిగతావి కూడా. సీలింగ్ నేలకి 3 మీటర్ల కన్నా తక్కువ ఎత్తులో ఉండకూడదు, కరెంటు తీగల కింద పందిరి వేయకూడదు, చుట్టూ ఖాళీ వదలాలి. వంట పందిరి వేరే, అది పాలిస్టర్ అసలే వద్దు, రేకు వేసుకోండి. తాడు మాత్రం మన దగ్గర బాధే లేదు, అంబాజీపేటలో కొబ్బరి పీచు తాడు దొరికినంత ఎక్కడా దొరకదు, నైలాన్ తాడుకి డబ్బులు పోసేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది నాకు.

భీమవరం_లైటింగ్స్:

పెద్దాయన హాలోజన్ మాట ఎత్తారు కాబట్టి. మావుళ్ళమ్మ జాతరకి లైటింగ్ చేసే మాలాంటి వాళ్ళకి తెలుసు, హాలోజన్ ట్యూబు గాజు 250 డిగ్రీలు దాటితేనే అది సరిగ్గా పనిచేసేది. పైన అన్నయ్య పాలిస్టర్ కరిగే వేడి ఎంత చెప్పారో చూడండి, దాదాపు అంతే. బట్టకి జానెడు దూరంలో హాలోజన్ పార్ లైటు (స్టేజీకి కొట్టే ఫోకస్ లైటు) కట్టి రాత్రంతా వదిలేస్తే ఇక ఏ మందూ ఆపదు. ఎల్‌ఈడీకి మారిపోండి. ఇక వైరు అతుకులు టేపు చుట్టి సాటిన్ మడతల్లో దాచేస్తారు, అందం కోసం. ఆ అతుకు వదులైతే కాలేది అక్కడే మొదలవుతుంది, ఎవరికీ కనపడదు కూడా. మీరు బట్ట కట్టేవాళ్ళు, మేం లైట్లు కట్టేవాళ్ళం, ఒకరి పని ఒకరు చూడం, గొడవంతా ఆ సందులోనే.

కొత్తపేట_సప్లయర్స్:

అందరికీ చాలా థాంక్సండి. నాన్నగారికి ఫోన్‌లో చదివి వినిపించాను. గట్టుమీద గాలి గారూ, కోపం తెచ్చుకోకండి, మీ సలహా మాత్రం వద్దులెండి 🙏 క్యాన్ ఆయనకి మా సీలింగ్ ముక్క ఇచ్చి చేసి చూపించమన్నాను, రేపు వస్తా అన్నవాడు ఇంకా రాలేదు.

మేం అనుకున్నది ఇది. జనం కూర్చునే చోట పైన కాటన్ వేసి పెద్దాయన చెప్పిన కొలతతో ముంచి ఆరేస్తాం, వాన పడితే మళ్ళీ ముంచుతాం, చాకిరీయే కానీ తప్పదు. స్టేజీ వెనక అందం కావాలంటున్నారు కాబట్టి అక్కడ ఒక్కచోటికి సూరత్ అన్నయ్య చెప్పిన ఫైర్ పాలిస్టర్ తెప్పిస్తాం, ఫైర్ ఆఫీసులో ముందే రిపోర్టు చూపించి, వాళ్ళు ఒప్పుకుంటేనే. కమిటీ వాళ్ళకి రేటు పెరుగుతుందని చెప్పేశాం, గొణిగారు, ఒప్పుకున్నారు. టెరికాటన్ మొత్తం పక్కన పెట్టేశాం.

చివరిగా రెండు అడుగుతాను. ఆ కొత్త బట్ట వచ్చాక నిజమైనదో కాదో ఇక్కడే చూసుకోవచ్చా? ఉతకడం ఎలా, మా వాళ్ళు బట్టల సబ్బు, బోరు నీళ్ళతో దంచేస్తారు.

సూరత్_పాలకొల్లు:

చూసుకోవచ్చు. అంచు నుంచి రెండు వేళ్ళ వెడల్పు, జానెడు పొడవు ముక్క కోసి, ఆరుబయట, గాలి లేని చోట, పటకారుతో నిలువుగా పట్టుకుని కింద తడి ఇసుక పోసిన పళ్ళెం పెట్టండి. కింది అంచుకి లైటర్ ఓ పది పన్నెండు సెకన్లు పెట్టి తీసేయండి. లైటర్ తీశాక తనంతట తాను వెంటనే ఆరిపోవాలి, కారిన చుక్క ఇసుక మీద పడ్డాక మండుతూ ఉండకూడదు. కరగడం, కారడం ఉంటుంది, దానికి కంగారు పడకండి, ఈ రకం బట్ట ఆరేదే అలాగ. మండుతూ పైకి పాకితే సరుకు వెనక్కి పంపేయండి. అదే ముక్కని నాలుగైదు సార్లు ఉతికి మళ్ళీ చేయండి, పైపూత సరుకైతే అప్పుడు బయటపడుతుంది. ఇది మీ తృప్తికే, ఆఫీసులో చూపించడానికి పనికిరాదు, అక్కడికి ల్యాబు రిపోర్టే.

ఉతకడానికి బట్టల సబ్బు వద్దు. మీ వైపు బోరు నీళ్ళు గడుసు, అంటే లవణాలు ఎక్కువ, సబ్బు దాంతో కలిసి జిడ్డులా పోగుల మీద పేరుకుంటుంది, బట్ట కాలకపోయినా ఆ జిడ్డు కాలుతుంది. కాలవ నీళ్ళో, వాన నీళ్ళో, మామూలు డిటర్జెంట్ పౌడరు కొద్దిగా, రెండుసార్లు జాడించండి. కంఫర్ట్ లాంటి మెత్తబరిచే లిక్విడ్లు అసలు తాకించొద్దు. ఆర్డర్ పెట్టే ముందు మీటరు శాంపిల్ తెప్పించుకోండి, ఇక్కడ ఎవరిని అడగాలో మెసేజ్‌లో చెప్తాను.